నిమ్మతొక్క తైలం

సీసాలు మరిగే నీళ్ళలో ఉన్నంతసేపు చుక్కలక్కని ఎవరూ పలకరించకూడదు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకీ తెలుసు, వీధిలోవాళ్ళకీ తెలుసు. పట్టకారుతో ఒక్కో సీసానీ పైకి తీసి, లోపలి నీళ్ళు విదిలించి, ఉతికి ఆరేసిన తెల్లగుడ్డ మీద బోర్లించేదాకా ఆవిడ లోకం ఆ గిన్నె అంచు దాటి రాదు. సరిగ్గా అలాంటప్పుడే, బుధవారం పొద్దున్న, మీటరమ్మ గుమ్మంలో నిలబడి "అక్కా, ఒక్కసారి నా మొహం చూస్తారా?" అంది.

"ఒక్క నిమిషం" అంది చుక్కలక్క, వెనక్కి తిరక్కుండానే. గిన్నెలో ఇంకా తొమ్మిది సీసాలున్నాయి.

చుక్కలక్క అన్నది వీధి పెట్టిన పేరు. ఏ సీసా అమ్మినా "మూడే మూడు చుక్కలమ్మా, నాలుగోది వద్దు" అని మూడు వేళ్ళు చూపించి మరీ చెబుతుంది కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. ఆకుల్నుంచీ పువ్వుల్నుంచీ తొక్కల్నుంచీ తీసిన ఘాటైన తైలాలు తెప్పించి, బాదం నూనెలో లెక్కగా కలిపి, మొహానికి రాసుకునే నూనె చేయడం ఆవిడ పని. వంటింటి పక్క గదే కార్ఖానా. చేసేది ఈవిడ, అమ్మేది ఆడపడుచు. భర్తకి అక్క కాబట్టి ఈవిడ "వదినా" అని పిలిచేది. వినీ వినీ కొనేవాళ్ళందరికీ కూడా ఆవిడ వదినే అయిపోయింది. ఫోన్లో వదిన నాలుగు మాటలు మాట్లాడిందంటే, పుట్టినప్పట్నుంచి సబ్బు తప్ప ఇంకోటెరగని మొహాలు కూడా నూనెకి సిద్ధపడేవి. రసాయనాలు లేవు, అంతా ప్రకృతి, అంతా ఆకూ పువ్వూ. ప్రకృతి అనగానే అందరికీ అమ్మ ఒడి గుర్తొస్తుంది గానీ దురదగుండాకు గుర్తురాదు కదా!

తొమ్మిదో సీసా బోర్లించి, చేతులు తుడుచుకుని చుక్కలక్క ఇటు తిరిగింది.

మీటరమ్మ కరెంటాఫీసు మనిషి. నెల నెలా గడప గడపకీ వచ్చి మీటర్లో అంకెలు చూసి రాసుకుపోతుంది. పదకొండేళ్ళుగా అదే పని, అదే ఎండ. నవ్వుమొహం. కుక్కలున్న ఇళ్ళక్కూడా భయపడదు. ఆ మొహం మీద ఇప్పుడు రెండు చెంపలకీ, నుదుటికీ ఎర్రటి మరకలు, అంచుల్లో గోధుమరంగు తిరుగుతూ. ఎడమ చెంప మీంచి దవడ దాకా ఒక చార, నూనె జారిన దారి జారినట్టే.

"ఆదివారం మంట మొదలైందక్కా. సోమవారానికి ఎర్రబడింది. ఇప్పుడిదిగో, నల్లబడుతోంది. నాకేం తోచట్లేదు. వచ్చే సోమవారం ఆఫీసులో బిల్లుల కౌంటర్లో కూర్చునేవాళ్ళని ఎంచుతారు. ఆరుగురిలో ఇద్దర్ని. ఆ సీటు దొరికితే ఇక ఎండలో తిరిగే పని ఉండదు. మొహం కాస్త తేటగా ఉంటుందనేగా మీ నూనె కొన్నాను."

చుక్కలక్క చూసింది. చూసింది అనడం కూడా ఎక్కువే. కంటి మూలతో చూసి, మళ్ళీ గుడ్డ మీది సీసాల వైపు తిరిగింది. అవి ఆరేలోపు మూతలు కడగాలి.

"ఏం భయం లేదమ్మా. లోపలున్న చెడంతా బయటికొస్తోంది. కొందరికి అలాగే అవుతుంది, తర్వాత తేటపడుతుంది. మధ్యలో ఆపకండి."

ఆ మాట ఆవిడకి నోటికొచ్చిన పాఠం. మొటిమలు లేచాయన్నవాళ్ళకీ, దురద పెడుతోందన్నవాళ్ళకీ ఇదే చెప్పేది. నిజమో కాదో ఎప్పుడూ తరచి చూసుకోలేదు. రెండు వారాల్లో మొటిమలు వాటంతటవే తగ్గేవి, ఈవిడ మాట నిలబడేది.

మీటరమ్మ గుండెల మీంచి బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలింది. "హమ్మయ్య! మీరు చెప్పాక ధైర్యం వచ్చిందక్కా. అయితే పొద్దున్నే రాసుకుని డ్యూటీకి వెళ్ళనా?"

"రాసుకోండి" అంది చుక్కలక్క, మూతల డబ్బా అందుకుంటూ.

*

గురువారం కలిపే రోజు. కిటికీ రెక్కలు మూసి, ఫ్యాను ఆపి, తూకం యంత్రం బల్ల మీద పెట్టి చుక్కలక్క పనిలోకి దిగింది. ముందు బాదం నూనె తూచి పోయాలి. తర్వాత లావెండర్, ఆ తర్వాత జెరేనియం, చివరికి నిమ్మ. నిమ్మ తైలం సీసా రెండు వారాల కిందట వచ్చింది, అడుగంటింది. తైలాలమ్మే ఆయన నిన్న సాయంత్రం కొత్తది పంపాడు. పాతది ఖాళీ చేసి కొత్తది అందుకుందామని రెండూ పక్కపక్కన పెట్టింది. అంతే, చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కొత్తది నీళ్ళలా తెల్లగా ఉంది. పాతది పచ్చగా, లేత ఆకురంగులో ఉంది.

రెంటి మూతలూ తీసి వాసన చూసింది. కొత్తది మామూలుగా తను ఏళ్ళ తరబడి వాడుతున్న వాసనే, కాస్త పిప్పరమెంటు బిళ్ళలా తియ్యగా. పాతది అలా కాదు. ముక్కు కింద నిమ్మకాయ తొక్క విరిచినంత తాజాగా ఉంది. ఆ తాజాదనం తనకి కొత్తేమీ కాదు. రెండు వారాల కిందట ఆ సీసా మొదటిసారి తెరిచినప్పుడే "ఇదేంటి, ఇంత బాగుంది?" అనుకుంది. వెలుతురులో పెట్టి ఆ పచ్చదనం కూడా చూసింది. కొత్తపంట కాబోలు అని సరిపెట్టుకుంది. వదిన వచ్చి వాసన చూసి మురిసిపోయి, "ఇంకాస్త దండిగా వెయ్యవే, మన సీసా తెరిస్తే వీధి చివరిదాకా తెలియాలి" అంటే, సీసాకి ఎనిమిది చుక్కలు పడేచోట ఇరవై లెక్కన వేసింది. కొనేవాళ్ళని మూడు దాటనివ్వని మనిషి తన గిన్నెలోకి ఇరవై వంచింది. ముక్కు చెప్పింది, కన్ను చెప్పింది. రెంటినీ పక్కకి నెట్టేసింది.

అలమారా పై అరలోంచి పాత నోటుపుస్తకం తీసింది. ఈ పని నేర్చుకోవడానికి వెళ్ళిన రెండు రోజుల క్లాసులో రాసుకున్నది. మూడో పేజీలోనే ఉంది, తన దస్తూరీలోనే, కింద రెండు గీతలతో సహా. నిమ్మ తైలం రెండు రకాలు. ఆవిరి పట్టి తీసినదైతే ఫరవాలేదు. తొక్క పిండి తీసినది మొహానికి రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలుతుంది, నల్లమచ్చలు నెలల తరబడి పోవు.

తైలాలాయనకి ఫోన్ చేసింది. గొంతు మామూలుగా ఉంచడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది.

"పోయినసారి పంపిన నిమ్మ... పిండిందా, ఆవిరిదా?"

"పిండిందేనమ్మా. ఆవిరిది అయిపోయింది, సర్దుకోండని చీటీలో రాసి పెట్టాగా. చూళ్ళేదా? మీ వదినగారు ఫోన్ చేసి వాసన బాగుందని మెచ్చుకున్నారు కూడా."

చీటీ ఎక్కడికీ పోలేదు. సీసా వచ్చిన అట్టపెట్టెలోనే ఉంది, మడత కూడా విప్పకుండా.

చుక్కలక్క స్టూలు మీద కూలబడింది. కళ్ళ ముందు మీటరమ్మ ఎడమ చెంప మీది చార. నూనె జారిన దారినే కాలింది. లోపలి చెడు బయటికొస్తే అలా గీత గీసినట్టు వస్తుందా? చంటిపిల్లకి కూడా తెలుస్తుంది ఆ మాత్రం. "పొద్దున్నే రాసుకుని డ్యూటీకి వెళ్ళనా?" అని అడిగింది ఆ పిల్ల. అడిగి మరీ వెళ్ళింది. ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కిపోయింది చుక్కలక్కకి. గదిలో ఎవరూ లేకపోయినా కొంగుతో మొహం కప్పుకుంది.

వదినకి చెప్పింది. వదిన ముందు నమ్మలేదు, తర్వాత నోటుపుస్తకం చదివింది, ఆ తర్వాత వెళ్ళి వీధి తలుపు వేసొచ్చింది.

"మీటరమ్మది కాక ఎన్ని సీసాలు వెళ్ళాయి ఆ పచ్చదానితో?"

"ఇరవయ్యారు."

"ఇంకెవరైనా ఏమైనా అన్నారా?"

"లేదు. మిగతావాళ్ళంతా ఇంటిపట్టున ఉండేవాళ్ళు, పడుకునే ముందు రాసుకునేవాళ్ళు. ఎండలో తిరిగేది ఆవిడొక్కతే."

"మరింకేం" అంది వదిన. "ఆవిడ ఖర్మ అంటున్నానని అనుకోకు. ఆపమని నేనిప్పుడే చెప్తాను. కానీ ఎందుకు ఆపాలో చెప్పామంటే సాయంత్రానికి వీధంతా పాకుతుంది. ఆ తర్వాత మన సీసా ఒక్క గుమ్మం కూడా తొక్కదు. నువ్వూ నేనూ ఆరేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి నిలబెట్టుకున్న పేరే ఇది. మనం విషం పోయలేదే, తెలిసి చేయలేదే."

"నాకు ముందే తెలుసు వదినా. నోటుపుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం లోపల పెట్టు" అంది వదిన.

వదిన అక్కడే నిలబడి మీటరమ్మకి ఫోన్ చేసింది. "ఆ అమ్మా, నేను. నూనె ఇక ఆపేయమ్మా. దాని పని అది చేసేసింది. కొన్నాళ్ళు ఉత్త నీళ్ళతో కడుక్కో చాలు" అని తేనెలో ముంచి చెప్పింది. అవతల్నించి "థాంక్సండీ వదినగారూ" అన్న మాట చుక్కలక్కకి కూడా వినబడింది.

ఆ మధ్యాహ్నం చుక్కలక్క ఎవరూ చూడకుండా, మిగిలిన ఆ నూనె మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా రాసుకుని, మేడ మీదికి వెళ్ళి ఎండలో గంటసేపు నిలబడింది. ఏమవుతుందో తెలుసుకోవాలని కాదు. ఏమీ కాకపోతే బాగుండునని. ఏమీ కాకపోతే ఆ మచ్చలకి ఇంకేదో కారణం ఉందనుకోవచ్చు. కిందికి దిగేసరికి చెయ్యి మామూలుగానే ఉంది. ఆశ పుట్టింది. ఆ ఆశకి తర్వాత చాలా సిగ్గుపడింది.

*

శుక్రవారం వదిన బుర్రలో ఒక ఉపాయం మొలిచింది. సీసాలు వెనక్కి రప్పించాలి, కారణం చెప్పకూడదు. "కొత్త సువాసన తెచ్చాం. పాత సీసా ఎంత వాడినా సరే ఇచ్చేయండి, నిండు సీసా ఊరికే ఇస్తాం" అని అందరికీ ఫోన్లు కొట్టింది. సాయంత్రానికి గుమ్మం ముందు తిరణాల. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఇద్దర్నీ ఆకాశానికెత్తేశారు.

"ఈ రోజుల్లో ఎవరిస్తారండీ ఇలాగ! సగం వాడేశాను, అయినా తీసుకున్నారు."

"మా ఆయనకి చెప్పాను, వ్యాపారమంటే చుక్కలక్కని చూసి నేర్చుకోమని."

చుక్కలక్క పాత సీసాలు అందుకుంటూ, కొత్తవి ఇస్తూ, నవ్వడానికి ప్రయత్నిస్తూ నిలబడింది. పొగిడినప్పుడల్లా తల ఒక అంగుళం కిందికి దిగేది. దాన్ని వినయమనుకుని ఇంకా పొగిడేవారు. మనసులో ఉన్నది మొహం మీద కనబడితే బాగుండునని ఆవిడకి మొదటిసారి అనిపించింది.

చీకటి పడేవేళకి పద్ధెనిమిది వచ్చాయి. ఎనిమిది రాలేదు. వదిన మళ్ళీ ఫోన్లు చేసింది. ఒకావిడ చెల్లెలికి ఇచ్చేసిందట. ఇద్దరు తర్వాత చూద్దామన్నారు. మిగతావాళ్ళు చెప్పిన మాట ఒక్కటే. "కొత్తదొద్దు వదినగారూ, ఈ నిమ్మ వాసనే బాగుంది. మాకిదే ఉండనివ్వండి."

వదిన ఫోను బల్ల మీద పెట్టేసింది. అబద్ధం అంత అందంగా చెప్పింది గానీ, చెడ్డ నూనే మంచి వాసన వేస్తుందన్న సంగతి మర్చిపోయింది.

*

శనివారం పొద్దున్న నిద్ర లేచేసరికి చుక్కలక్క చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రగా కాలి ఉంది. జాకెట్టు మీద పొడుగు చేతుల స్వెట్టరు వేసుకుంది. ఈ ఉక్కలో స్వెట్టరేంటని భర్త అడిగితే, ఒంట్లో బాలేదంది. ఆయన ప్రింటింగు ప్రెస్సులో పనిచేస్తాడు. సీసాల మీది లేబుళ్ళు ఆయన అచ్చు వేయించినవే. "పగలూ రాత్రీ వాడవచ్చు" అని అక్షరాలు ముచ్చటగా ఉంటాయి. ఆయన సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాడు.

పదకొండింటికి మీటరమ్మ వచ్చింది. కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా మొహానికి స్కార్ఫు చుట్టుకుని ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. చేతిలో నూనె సీసా కాగితంలో చుట్టి ఉంది.

"అక్కా, ఇది మీకు తిరిగిచ్చేద్దామని వచ్చాను. ఇంకోటొద్దు. ఒక మాట చెప్పాలి మీకు. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

చుక్కలక్క తెలిసిపోయిందనుకుంది. ఒక పక్క భయమేసినా, ఇంకో పక్క తెలిసిపోతే బాగుండుననే అనిపించింది.

మీటరమ్మ స్కార్ఫు కొంచెం కిందికి లాగింది. ఎరుపు పోయి, ఆ చోటంతా కాఫీ మరకలా చిక్కటి గోధుమరంగుకి తిరిగింది. "నిన్న చర్మం డాక్టరు దగ్గరికెళ్ళాను. ఎండలో కాలిందన్నారు. ఏం రాశావంటే నూనె అన్నాను. ఎంత రాశావన్నారు. అక్కడ అబద్ధం చెప్పలేకపోయాను. మీరు మూడు చుక్కలే అన్నారు కదక్కా, వేళ్ళు చూపించి మరీ చెప్పారు. నేను సోమవారం లోపు తేటబడాలన్న ఆశతో ఆరేసి చుక్కలు రాశాను. పొద్దునా, మధ్యాహ్నం కూడా. నాదే తప్పు. మీరు చెప్పింది వినకుండా చేసి, మళ్ళీ మీ దగ్గరికే వచ్చి మొహం చూడమన్నాను. సిగ్గేస్తోంది."

తలుపు పక్కనే నిలబడ్డ వదిన ఆ మాట గాల్లో ఉండగానే అందుకుంది. "అదీ సంగతి! ఆరు చుక్కలు రాస్తారా ఎవరైనా? మందైనా అంతే, నూనైనా అంతే. లెక్క ఉండాలమ్మా దేనికైనా."

"అవునండీ" అంది మీటరమ్మ తల దించుకుని.

"పోనీలే. చిన్నదానివి, ఆశపడ్డావు."

"మా ఆఫీసులో అందరికీ అదే చెప్పాను, నూనె మంచిదే, నేనే అతిగా పూశానని. మీ పేరు చెడనివ్వనక్కా."

ఆరు చుక్కలు రాసినా, మూడు చుక్కలు రాసినా, ఆ నూనె పూసుకుని ఆ ఎండలో తిరిగితే కాలక మానదు. చుక్కలక్క అసలు ఒక్క చుక్క కూడా రాసుకోమని ఉండాల్సింది కాదు. ఆ మాట నోటి దాకా వచ్చింది. స్వెట్టరు కింద చెయ్యి మండుతోంది. నోరు తెరిచింది. వదిన కళ్ళు తన మీదే ఉన్నాయి.

"జాగ్రత్తమ్మా" అంది చివరికి. "ఎండ తగలనివ్వకండి."

"డాక్టరూ అదే అన్నారక్కా. మూడు నెలలు ఎండ తగలకూడదట" అని మీటరమ్మ చిన్నగా నవ్వింది. "మా మీటర్లన్నీ బయటే ఉంటాయి మరి."

ఆవిడ వెళ్ళాక వదిన ఊపిరి పీల్చుకుంది. "చూశావా, ఆవిడే ఒప్పుకుంది. మనం ఒక్క మాట కూడా అనక్కర్లేకపోయింది."

చుక్కలక్క గదిలోకి వెళ్ళి, బోర్లించిన సీసాలన్నీ తిప్పి నిలబెట్టి, మళ్ళీ అన్నీ బోర్లించింది. తన జన్మలో ఇంత నీచంగా ఎప్పుడూ అనిపించలేదు. దెబ్బ కొట్టింది తను, క్షమించమని అడిగింది ఆవిడ, క్షమించేసింది వదిన. ఎక్కడైనా ఉందా ఈ చోద్యం!

*

ఆదివారం ఎలా గడిచిందో ఆవిడకే తెలీదు. సోమవారం పొద్దున్న పదింటికి, ఎక్కడికని వదిన అడిగినా చెప్పకుండా, గొడుగు తీసుకుని కరెంటాఫీసుకి నడిచింది.

లోపల వరండాలో పొడుగాటి బల్ల మీద ఆరుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. అందరూ ఎండలో తిరిగేవాళ్ళే. ఈ ఒక్కరోజుకి ఇస్త్రీ బట్టల్లో, తలలు నున్నగా దువ్వుకుని ఉన్నారు. ఆ చివర, అందరికీ కాస్త ఎడంగా, స్కార్ఫు కట్టుకున్న మనిషి. చుక్కలక్కని చూసి లేచి నిలబడింది.

"అక్కా! మీరేంటిక్కడ? బిల్లు గురించా?"

"మీకోసమే వచ్చాను."

"నాకోసమా?" అని మీటరమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేను పేరు వెనక్కి తీసుకుందామనుకుంటున్నానక్కా. ఈ మొహంతో లోపలికెళ్ళి ఏం చెప్పను? చేజేతులా చేసుకున్నానని చెప్పనా?"

"మీరు చేసుకోలేదు."

"అదేంటి?"

చుక్కలక్క చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. దారి పొడుగునా కూడబలుక్కుంది. అవన్నీ ఎటు పోయాయో. "ఆరు చుక్కలు కాదు కారణం. మూడు రాసినా ఇంతే. ఆ నూనెలో వేయకూడని నిమ్మ తైలం వేశాను. తొక్క పిండి తీసింది. ఎండ తగిలితే కాలుస్తుంది. చీటీ వచ్చింది, చూళ్ళేదు. రంగు తేడాగా ఉంది, చూసి కూడా ఊరుకున్నాను. వాసన బాగుందని ఎక్కువ వేశాను. చెడు బయటికి రావడం అదంతా ఏమీ లేదు. నోటికొచ్చింది చెప్పాను."

బల్ల మీదున్న ఐదుగురూ మాటలాపేశారు.

మీటరమ్మ ఆవిడ మొహం వంకే చూసింది. స్కార్ఫు పైన కనబడే ఆ రెండు కళ్ళని చూడ్డం చుక్కలక్కకి కష్టమైంది. అయినా చూపు తిప్పుకోలేదు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"గురువారం."

"నేను మీ ఇంటికొచ్చింది శనివారం."

"అవును."

"సీసా మీ చేతిలో పెట్టి, నాదే తప్పన్నాను."

"అవును."

"మీరు జాగ్రత్తమ్మా అన్నారు."

చుక్కలక్కకి నేల చీలితే లోపలికి పోదామనిపించింది. నేల గచ్చునేల, చీలదు.

"నాలుగు రోజుల్నుంచి అద్దంలో చూసుకున్నప్పుడల్లా నన్ను నేనే తిట్టుకుంటున్నానండీ" అంది మీటరమ్మ. ఆ గొంతులో కోపం ఉన్నట్టు కూడా లేదు. కానీ ఇన్నాళ్ళూ మాట మాటకీ వచ్చిన 'అక్కా' అందులో లేదు. అది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "ఆశపోతుదానా, అంత తొందరేమొచ్చిందే అని తిట్టుకున్నాను. మా అమ్మ దగ్గరికి కూడా వెళ్ళలేదు, చూస్తుందని."

ఇంతలో లోపల్నుంచి పిలుపొచ్చింది. మీటరమ్మ తల వెనక చెయ్యి పెట్టి ముడి విప్పింది. స్కార్ఫు తీసి నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకుంది. బల్ల మీద వాళ్ళెవరో నోరు నొక్కుకున్నారు. ఆవిడ పట్టించుకోలేదు. ఆ మచ్చలు మొన్నటివే, ఆ చార మొన్నటిదే. మెడ మాత్రం నిటారుగా నిలబడింది.

"రండి" అంది చుక్కలక్కతో. "నాకు చెప్పింది లోపల చెప్పండి."

లోపల బల్ల అవతల ఆఫీసరు, పక్కన రాసుకునే మనిషి. ఆఫీసరు చెడ్డవాడేం కాదు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ "కూర్చోమ్మా" అన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాక "అరెరె" అన్నాడు. చుక్కలక్క నిలబడే చెప్పింది. నూనె నాది, తప్పు నాది, ఈ అమ్మాయిది ఏమీ లేదు, మచ్చలు కొన్ని నెలల్లో పోతాయి, దయచేసి వీటిని చూసి సీటు ఆపకండి. మొత్తం చెప్పి చేతులు జోడించింది.

ఆఫీసరు ఓపిగ్గానే విన్నాడు. "ఎవరి వల్లయితే ఏంటమ్మా? కౌంటర్లో జనానికి కనబడేది ఈ మొహమేగా" అన్నాడు. మీటరమ్మ వైపు తిరిగి, మంచిమాట చెబుతున్నట్టు, "పనిలో నీకు వంక పెట్టేదేం లేదు. ఈసారికి వేరేవాళ్ళకిద్దాం. తగ్గనీ, తర్వాత చూద్దాం."

"తర్వాతంటే ఎప్పుడండీ?"

"మళ్ళీ ఖాళీ వచ్చినప్పుడు."

రాసుకునే మనిషి ఒక పేరు మీద గీత కొట్టాడు. అంతే, రెండు నిమిషాలు పట్టింది.

*

బయట ఎండ చిటచిటలాడుతోంది. మెట్ల మీద మీటరమ్మ ఆగింది. చుక్కలక్క నిజం చెప్పేస్తే ఆ సీటు దక్కుతుందని లోలోపల ఎక్కడో అనుకుంటూనే వచ్చింది. తన నిజానికి అంత విలువ ఉందనుకోవడం కూడా ఒక రకం పొగరే కాబోలు. చెప్పాల్సిన రోజు శనివారం, ఇంకా చెప్పాలంటే బుధవారం.

"ఆ నూనె ఇంకెంతమందికిచ్చారు?" అంది మీటరమ్మ.

"ఇరవయ్యారు. పద్ధెనిమిది వెనక్కొచ్చాయి. ఎనిమిది రాలేదు. వాసన బాగుందని ఇవ్వనంటున్నారు."

"వాళ్ళకి చెప్పలేదా, ఎందుకు ఇవ్వాలో?"

"లేదు."

"ఏయే ఇళ్ళు?"

చుక్కలక్క చెప్పింది. పేర్లు చెప్పక్కర్లేకపోయింది. కుట్టుమిషనావిడ అనగానే "మీటరు మెట్ల కింద" అంది మీటరమ్మ. రెండంతస్తుల టీచరమ్మ అనగానే "మీటరు గోడకి, పైన తేనెపట్టు" అంది. ఎనిమిదీ అయ్యాక సంచీలోంచి రీడింగు పుస్తకం తీసి పేజీ తిప్పింది.

"ఇవాళ మీ వీధి, పక్క వీధి నావే. ఐదు ఇళ్ళు అందులో ఉన్నాయి. నేను మీటరు చూస్తాను. మీరు వాళ్ళకి చెప్పండి. నా మొహం పక్కనే ఉంటుంది కాబట్టి నమ్ముతారు. మిగతా మూడూ రేపు."

"నాతో వస్తారా?" అంది చుక్కలక్క.

"మీతో రావట్లేదు. నా డ్యూటీకి నేను పోతున్నాను."

మీటరమ్మ మెట్లు దిగి నడవసాగింది. చుక్కలక్క గొడుగు తెరిచి, రెండంగల్లో ఆవిణ్ణి కలుసుకుని, ఆ తల మీదికి పట్టింది. మీటరమ్మ వద్దనలేదు. సంతోషమూ చెప్పలేదు. గొడుగు చిన్నది, ఇద్దరికి చాలదు. పదకొండేళ్ళు ఎండలో నడవడం ఎలా ఉంటుందో వీధి చివరికొచ్చేసరికే చుక్కలక్క మాడుకి కొంత తెలిసింది.

మొదటిది కుట్టుమిషనావిడ ఇల్లు. ఆవిడ మెళ్ళో టేపుతో బయటికొచ్చి చుక్కలక్కని చూడగానే నవ్వు పులుముకుంది. "ఫోన్లు చాలక మీరే వచ్చారా! ఎంత బతిమాలినా ఇవ్వనండీ, ఆ వాసన నాకు భలే నచ్చింది" అంటూనే పక్కనున్న మొహం చూసి ఆగిపోయింది. "అయ్యో, ఏమైందమ్మా?"

మీటరమ్మ మెట్ల కిందికి వంగి మీటరు మీది దుమ్ము వేలితో తుడిచింది.

ఆఫీసులో చెప్పడం వేరు, అక్కడ ఎవరూ ఎరిగినవాళ్ళు కారు. ఈవిడ మొన్న శుక్రవారం ఫోన్లో వదినతో, మీలాంటివాళ్ళుండబట్టే వానలు పడుతున్నాయంది. చుక్కలక్క గొడుగు మూసి, మడిచి, చేతిలో పట్టుకుంది.

"ఆ మొహం నా నూనె వల్ల కాలిందండీ" అంది. "మీ దగ్గరున్నది కూడా ఆ నూనే. ఎండలోకి వెళ్తే మీకూ అలాగే అవుతుంది. ఇచ్చేయండి."

కుట్టుమిషనావిడ నవ్వు ఆరిపోయింది. చెయ్యి తనకి తెలీకుండానే చెంప మీదికి వెళ్ళింది. లోపలికెళ్ళి సీసా తెచ్చింది. ఇచ్చేముందు ఒక క్షణం చేతిలోనే పట్టుకుని, ఆరేళ్ళుగా ఎరిగిన మనిషిని కొత్తగా చూసినట్టు చూసింది.

"మరి మొన్న కొత్త సువాసన అని ఎందుకు చెప్పారండీ? అప్పుడే చెప్పొచ్చుగా ఈ మాట."

"సిగ్గేసి" అంది చుక్కలక్క.

కుట్టుమిషనావిడ సీసా ఇచ్చి లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. మెట్ల కింద మీటరమ్మ అంకెలు రాయడం పూర్తిచేసి పుస్తకం మూసింది. ఇద్దరూ వీధిలోకి వచ్చారు. పక్కిల్లు ఆ ఎనిమిదిలో లేదు గానీ మీటరుంది. మీటరమ్మ ఆ గేటు తీసి, చుక్కలక్క గొడుగు తెరుచుకుని వచ్చేదాకా, దాన్ని పట్టుకుని నిలబడింది.